చీకటికి బాడుగ

'క్యాంపు' అనే మాట మా మాదిగవాడకు చాలా వేషాల్లో వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు వచ్చింది. కంటి క్యాంపు వచ్చింది. కరువు ముదిరిన ఏడాది పశువుల గడ్డి క్యాంపు వచ్చింది. ఏ పనికి పోయినా "సారు క్యాంపులో వున్నారు" అనే మాట మా నాయన ఆఫీసు గడపల కాడ ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఎలక్షన్లలో గెలిచిన మెంబర్లను బస్సెక్కించి ఎక్కడికో తీసుకుపోయి దాచిపెట్టేదాన్నీ క్యాంపే అంటారు. ఇన్ని క్యాంపులు చూసినోడికి 2023లో ఇంకో కొత్త క్యాంపు ఎదురైంది. బెంగళూరులో పెద్ద వుద్యోగాలు చేసుకునేవాళ్లు శని, ఆదివారాల్లో వస్తారంట. సెల్‌ఫోన్లు పెట్టెలో పెట్టి తాళమేస్తారంట. కరెంటు లేనిచోట గుడారాలేసుకొని పడుకొని, సోమవారానికి మళ్లీ వుద్యోగాలకు పోతారంట. దానికి మా చేను గుత్తకు కావాలని అడిగినారు.

ఆ సంగతి చెప్పేముందు మా ఇంట్లో ఆరుబయట పడక అంటే ఏమిటో చెప్పాల. అది చెప్పకుండా ఇది చెబితే నాకేదో కుళ్లనుకుంటారు.

మాది పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, కొండవారనున్న ఒక పల్లె. వూరికి దక్షిణాన మా వాడ. మా తాత కపిలి బానలు కుట్టేవాడు. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడుస్తావుంటే బావిలోంచి నీళ్లు తోడే తోలు బాన అది. ఆయిలింజన్లు, తర్వాత కరెంటు మోటార్లు వచ్చినాక బాన అడిగేవాడు లేడు. తాత పని పోయింది. పని పోయిందని మా అవ్వ ఏడ్చిందంట. చచ్చిన గొడ్డు తోలు వాసన ఇంట్లోంచి పోయిందని సంతోషపడిందంట కూడా. మిషన్లంటే మా ఇంట్లో అప్పట్నుంచీ ఈ రెండు మాటలూ వున్నాయి.

తాత పని పోయినాక మా నాయన పదేళ్లకే జీతానికి చేరినాడు. పగలు ఆసామి పశువుల వెంట, రాత్రి ఆసామి కల్లంలో. పెండ్లయ్యేదాకా ఆయన ఇంట్లో పండుకున్న రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని అవ్వ అనేది.

మా అనంతపురం జిల్లా సంగతి తెలిసినోళ్లకు శెనక్కాయ సంగతి చెప్పనక్కర్లేదు. (2022 నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గాని, నోటికి ఇంకా పాత పేరే వస్తుంది.) జూన్, జూలైలో వాన పడితే విత్తుతారు. అక్టోబరు, నవంబరులో పెరుకుతారు. పెరికిన కట్టెను ఎండబెట్టి వామి వేస్తారు. నూర్పిడి అయ్యేదాకా ఆ వామికి రాత్రి కాపలా వుండాల. ఒక పక్క అడవిపందులు, ఇంకో పక్క దొంగలు. కాయ ఆసామిది, కాపలా నాయనది. రెండు గోనెసంచులు విప్పి కలిపి కుట్టిన పట్టే ఆయనకు పరుపూ దుప్పటీ. ఆసామి కొడుకు ఎప్పుడన్నా కల్లానికి వస్తే మంచం వెంట తెచ్చుకునేవాడు, చేతిలో బ్యాటరీ లైటు వుండేది. నాయన నేల మీదే. ఆసామి ఎదురుగా మంచం మీద కూర్చునేది మావాళ్లకు లేదు. ఆసామి లేనప్పుడు కూడా ఆ మంచం నిలబెట్టే వుండేది.

ఈ మంచం ముచ్చట వూరికే చెప్పడం లేదు. 1997 కార్తీకంలో నాయనకు జరమొచ్చి ఆయన బదులు మా చిన్నాయన కాపలాకు పోయినాడు. ఇరవై రెండేళ్లవాడు. నాకప్పుడు ఏడేళ్లు. తెల్లారకముందే ఇంటికి నడిచొచ్చి కడుపు నొస్తోందన్నాడు. గొంతు పట్టేసిందన్నాడు. మాట ముద్దగా వస్తోంది. కంటిరెప్పలు ఎత్తలేక వేళ్లతో ఎత్తుకుంటున్నాడు. తాగినాడేమో అనుకున్నారు. ఒంటి మీద గాయం లేదు, వాపు లేదు. వూర్లో ఫోను ఒక్కటే, ఆసామి ఇంట్లో. ధర్మవరానికి ఫోను చేసి జీపు పిలిపించమని నాయన జరంతోనే పోయి తలుపు కొట్టినాడు. "తెల్లారనీరా" అని లోపల్నుంచి జవాబొచ్చింది. ఎద్దులబండి కట్టుకొని రోడ్డెక్కేలోపలే చిన్నాయన వూపిరి నిలిచిపోయింది.

హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒక పుస్తకంలో కట్లపాము గురించి చదివినాను. రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద నిద్రపోయేవాళ్లను కాటేస్తుంది. కోరలు చిన్నవి, కాటు పడినట్టే తెలీదు, నొప్పీ వాపూ వుండవు. కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలిపోతాయి, మాట పడిపోతుంది, చివరికి వూపిరి ఆగిపోతుంది. వేళకు ఆస్పత్రిలో పడితే మందు వుంది. ఆ పేజీ చదివినప్పుడు చిన్నాయన రెప్పలెత్తుకుంటున్న వేళ్లు కనిపించినాయి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చచ్చిపోయినారని 2020లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో ఎక్కువమంది పల్లెలవాళ్లే. ఆ లెక్క మొదలయ్యేటప్పటికే మా చిన్నాయన పోయి మూడేళ్లు. ఆయన ఏ లెక్కలోనూ లేడు.

ఆ ఏడాదే నాయన జీతం మానేసినాడు. అప్పుంది కదా అని ఆసామి మనుషులొచ్చి అడిగితే "దాని వడ్డీకి నా తమ్ముడు పోయినాడు పోండి" అన్నాడంట. తాత పేరు మీద 1978లో ఇచ్చిన రెండెకరాల నలభై సెంట్ల డీకేటీ పట్టా భూమి కొండవారన బీడుగా వుండేది. పట్టా ఇచ్చినప్పుడు అందులో మన్ను కంటే రాళ్లు జాస్తి. నాయనా అమ్మా నాలుగేళ్లు ఆ రాళ్లేరినారు. ఏరిన రాళ్లే ఇప్పుడు చేనుకు కట్టవ.

ఇక్కడ నా చదువు గురించి రెండు ముక్కలు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పదేళ్లు. డిగ్రీ హిందూపురంలో. మా ఇంట్లో డిగ్రీ మాట ఎరిగిన మొదటి మనిషిని నేనే. 2014 డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంటుగా వచ్చినాను. నాకు వుద్యోగం వచ్చిందనే మాట కూడా ఫోనులోనే ఇంటికి చేరింది. ఆ ఫోను కథ చెప్పాల. 2006లో నాయన నోకియా 1100 కొన్నాడు, పాతది. దాని నెత్తిన చిన్న టార్చి వుండేది. నాయన దాన్ని ఫోనని కొనలేదు, లైటని కొన్నాడు. చేనుకు పోయేటప్పుడు ముందర దాని వెలుగు, వెనక ఆయన. వాడలో ఎవరికి కాన్పు నొప్పులొచ్చినా ఆ ఫోనే. తలుపు కొట్టి బతిమాలే పని తప్పింది. మా వాడకు కరెంటు వచ్చిన కొత్తలో మా అమ్మ రాత్రంతా బల్బు ఆర్పేది కాదు. బిల్లు వస్తుందే అంటే, "రానీ. ఇన్నేండ్ల చీకటికి ఎవురు బిల్లు కట్టినారు?" అనేది.

నేను మొదటిసారి సరదాగా బయట పడుకుంది డిగ్రీలో, 2009లో, ఎన్ఎస్ఎస్ క్యాంపులో. వారం పైన ఒక పల్లెలో వుండి రోడ్లు వూడ్చి, మొక్కలు నాటి, రాత్రిళ్లు స్కూలు ముందర మంట వేసుకొని పాటలు పాడినాం. నాకు బాగుండేది. ఎందుకు బాగుందో అప్పుడు తెలీలేదు. దేనికీ కాపలా లేదు, అందుకని బాగుంది. మూడో రోజు ఒక ఇంటామె బోరు కాడ బిందె పట్టుకొని నిలబడి మమ్మల్ని ఒక్కొక్కరినీ "మీరేమోళ్లు?" అని అడిగింది. అడిగినాక నీళ్లు తానే పోస్తానంది. ముగ్గురం చేతులు పట్టినాం, మిగిలినవాళ్లు చెంబుతో ముంచుకున్నారు. ఆ రాత్రి మంట కాడ పాట నా నోట్లోంచి రాలేదు.

అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకం తర్వాత నా చేతికొచ్చింది. అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడాకు వుద్యోగానికి పోయినాయన, సత్రంలోంచి గెంటేస్తే, రైలు టైము దాకా పార్కులో చెట్టుకింద కూర్చున్నాడు. 1934లో మనవాళ్లతో కలిసి దౌలతాబాదు కోట చూడ్డానికి పోయినాడు. కోట వాకిట్లో తొట్టి నీళ్లతో కాళ్లూ ముఖమూ కడుక్కున్నందుకు గొడవైంది. చివరికి కోటలోకి వదిలినారు గాని, ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూసేదానికి ఆయుధం పట్టిన మనిషిని వెంట పంపినారు. ఆయన కూడా విహారానికే పోయినాడు. మా విహారాల్లో నీళ్ల కాడ ఎవరో ఒకరు నిలబడే వుంటారు.

ఏటా మా బడి పిల్లల్ని పెనుకొండ కోటకు పిల్చుకుపోతాను. 1565 యుద్ధంలో ఓడినాక విజయనగర రాజులు వచ్చి కుదురుకున్న వూరు. గగన్‌మహల్ చూపిస్తాను. రాజులు దండయాత్రకు పోతే దారంతా శిబిరాలు వేసేవాళ్లని పాఠం చెబుతాను. ఒకసారి ఒక పిల్ల అడిగింది: "అంతమందికి నీళ్లెట్ల సార్?" 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు మీదికి పోయినప్పుడు తోలుతిత్తుల్లో నీళ్లు మోసేవాళ్లు వేలమంది వెంట వున్నారని నూనిజ్ అనే పోర్చుగీసువాడు రాసినాడని చెప్పినాను. "ఆ తిత్తులెవరు కుట్టినారు సార్?" అని అదే పిల్ల మళ్లీ అడిగింది. మా తాత గుర్తొచ్చినాడు. "రాజు పేరు తెలుసు గాని, వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదమ్మా" అన్నాను.

ఇప్పుడు ఫోను సంగతి. ఫోను నుంచి పారిపోవాలనిపించడం నాకు తెలీని బాధ కాదు. 2022 ఆగస్టు నుంచి మా టీచర్ల హాజరు ఫోనుకు ముఖం చూపించి వేయాల్సి వచ్చింది. మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, గుడ్ల లెక్క. సిగ్నలు కోసం బడి మిద్దెక్కి ఎండలో చెయ్యి పైకెత్తి నిలబడిన రోజులున్నాయి. రాత్రి పదింటికి కూడా గ్రూపులో మెసేజీ మోగుతుంది. పిల్లల ముఖాలు చూసేదానికంటే ఫోను ముఖం చూసేది జాస్తి అయింది. మా బడిలోవాళ్లే కొందరు సెలవుల్లో అట్లాంటి గుడారాల క్యాంపుకు పోయొచ్చి, "రెండు దినాలు ఫోను లేకుంటే మనిషినయినాను సార్" అని చెబితే నాకు నవ్వు రాలేదు. వాళ్ల అలసట నిజమే. నన్నూ రమ్మన్నారు. వస్తాలే అన్నాను, పోలేదు. ఫోను ఆపేసి చీకట్లో నేల మీద పడుకోమంటే నాకు నిద్ర పట్టదు. ఆ సంగతి వాళ్లకు చెప్పాలంటే 1997 నుంచీ చెప్పాల.

2023కు వస్తాను. మాకు దగ్గర్లోనే, పెనుకొండ మండలం ఎర్రమంచి కాడ, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. నాలుగు లైన్ల రోడ్డు మీద బెంగళూరు రెండు రెండున్నర గంటల దూరం. ముందు బీడనుకున్న భూముల్ని జనం ఆగి చూడ్డం మొదలుపెట్టినారు. అసైన్డ్ భూమిని అమ్మడమే కాదు, గుత్తకివ్వడం కూడా 1977 చట్టం ప్రకారం కుదరదు. 2023లో చట్టం మార్చి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు అమ్ముకునే హక్కు ఇస్తున్నామన్నారు. ఆ వార్త పేపర్లో పడిన నెలకే మా చేను కట్టవ కాడ కారు ఆగింది.

వచ్చినాయన మర్యాదస్తుడే. నాయనను "పెద్దాయనా" అన్నాడు, మీరు అన్నాడు. కొండ బాగుందన్నాడు, గాలి బాగుందన్నాడు. పది గుడారాలు, లాంతర్లు, రాగిసంగటి, నాటుకోడి పులుసు, రాత్రికి మంట. నెలకు పన్నెండు వేలు గుత్త. నాయనకు వాచ్‌మన్ పని, దానికి వేరే జీతం. శని, ఆదివారాల్లో మాత్రం ఇంట్లోవాళ్లు చేనులోకి రాకూడదు, వచ్చేవాళ్లకు ఏకాంతం కావాల. ఆ ఆదివారం నేనూ అక్కడే వున్నాను. నాయన అంతా విని అడిగినాడు:

"అంటే, దుడ్లిచ్చి చీకట్లో పండుకుంటారా?"

"అవును పెద్దాయనా. సిటీలో వాళ్లకు చీకటి దొరకదు."

"ఫోన్లు లాక్కుంటారా?"

"వాళ్లే ఇచ్చేస్తారు."

"నడిరేత్రి ఎవురికన్నా పురుగు ముడితే?"

"దాని గురించి మీరు భయపడొద్దు. మా ఆఫీసు గుడారంలో ఫోను వుంటుంది. కారు, డ్రైవరు రాత్రంతా రెడీగా వుంటారు."

నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అట్లయితే ఫోనూ వుండాది, కారూ వుండాది. అవి వుండాయని తెలుసు కాబట్టే వాళ్లకు నిద్ర పడతాది" అన్నాడు. వచ్చినాయనకు ఆ మాట ఎందుకన్నాడో అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇన్నేళ్లు నేను చదివిన పుస్తకాల్లో ఈ సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

గొడవ ఆ రాత్రి ఇంట్లో మొదలైంది. నా తమ్ముడు కాంట్రాక్టు పని చేసుకునేవాడు, ఆర్నెల్లు పని వుంటే ఆర్నెల్లు వుండదు. వానలు సరిగా పడని చేనులో మిగిలేదేముందని అడిగినాడు. "శెనక్కాయ పెట్టి ఏటా అప్పు చేసేదానికంటే నెలకు పన్నెండు వేలు మేలు కాదా? నీకు సర్కారు జీతం వస్తోంది గాబట్టి నీకు ఆత్మగౌరవం. నాకు బియ్యం కావాల" అన్నాడు. ఆ మాట తప్పని నేననలేను. రిజర్వేషనూ ఆత్మగౌరవమూ అని సభల్లో మాట్లాడేవాళ్లం మన ఇళ్లలో ఈ మాటకు జవాబు చెప్పుకోవాల్సిందే. చట్టం గురించి చెప్పినాను. గుత్త కాగితం రేపు ఎట్ల మారుతుందో, పట్టా ఎవరి చేతికి పోతుందో చెప్పినాను. తమ్ముడు వినలేదు. చివరికి నాయనే తేల్చినాడు. "ముప్పై ఏండ్లు ఒగని కల్లానికి కాపలా వున్న్యా. నా రాళ్లు నేనేరుకున్న చేన్లో మళ్ల వాచ్‌మన్ను కాను. నన్ను శనివారం రావద్దనేదానికి వాడెవుడు?" తమ్ముడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతాడు గాని, ఆ పన్నెండు వేల లెక్క ఇంకా వాని మనసులో వుంది. నేను కొంత సర్దుతున్నాను. అది గుత్తకు సమానం కాదని ఇద్దరికీ తెలుసు.

కొండకు అటుపక్క వేరేవాళ్ల భూమిలో గుడారాలు పడినాయి. శనివారం రాత్రి మా చేనులోంచి చూస్తే ఆ లాంతర్లు మినుకుమినుకుమంటాయి. మంచి చోటే. పాట కూడా వినొస్తుంది. మా వాడలో ఎనిమిది కుటుంబాలు బెంగళూరులో బిల్డింగు పనికి పోతాయి. కట్టే అపార్ట్‌మెంట్ల పక్కనే రేకుల షెడ్లలో పడుకుంటారు. అపార్ట్‌మెంట్లలోవాళ్లు మా కొండకాడికి వచ్చి గుడారాల్లో పడుకుంటారు. ఆ షెడ్లలో పెరిగే పిల్లలు సెలవులకు అవ్వాతాతల దగ్గరికి వస్తారు. వాళ్లకు కొండ తెలీదు, చుక్కలు తెలీవు. తెలిసిందల్లా కంకర గుట్టలు, అమ్మానాయనల సెల్‌ఫోను.

ఆ పిల్లల కోసమని 2024 నవంబరులో, శెనక్కాయ పెరికినాక, మేమే ఒక రాత్రి మా చేనులో క్యాంపు పెట్టినాం. వాడ పిల్లలు పదకొండు మంది, నా కూతురు, ముగ్గురు తల్లులు, నాయన, నేను, అలిగిన తమ్ముడు. నాయన మొదటి షరతు: నేల మీద ఎవరూ పడుకోకూడదు. వాడంతా తిరిగి నులకమంచాలు మోసుకొచ్చినాం. మంచానికి ఇద్దరేసి. ప్రతి మంచానికీ దోమతెర కట్టి అంచులు పరుపుకింద దోపినాం. దోమలకే కాదు, కట్లపాముకూ అదే అడ్డం. చెప్పుల్లేకుండా మంచం దిగకూడదు. టార్చిలు నాలుగు. నా ఫోను ఫుల్ చార్జి చేసి కట్టవ మీద, సిగ్నలు వచ్చేచోట పెట్టినాం. తమ్ముడు ఎవరిదో ఆటో అడిగి తెచ్చి రోడ్డు కాడ నిలబెట్టినాడు. ఆ ఆటో వుంది కాబట్టే నాయన ఆ రాత్రి మాటలు చెప్పినాడు.

వూర్లోని పెద్దకులం పిల్లోడు ఒకడు, మా వాడ పిల్లలతో ఆటకు అలవాటు పడినోడు, వాళ్లతో పాటే వచ్చేసినాడు. సంగటి, ఊరిబిండి పెడితే అందరితో పాటు తిన్నాడు. ఎనిమిదింటికి వాళ్లమ్మ టార్చి వేసుకొని కట్టవ అవతలే నిలబడి పిలిచింది. ఒక్కటే అడిగింది: "ఏమన్నా తింటివా?" "లేదుమా" అన్నాడు వాడు. మా పిల్లలు పదకొండు మందీ నోరు మెదపలేదు. వాడు పోయినాక నా కూతురు, "వాడు రెండు ముద్దలు తిన్న్యాడు గదా నాయనా, అబద్ధమెందుకు చెప్పినాడు?" అని అడిగింది. ఏడేళ్ల పిల్లకు ఆ జవాబు ఆ రాత్రే చెప్పాలనిపించలేదు. వాడలో పుట్టిన తొమ్మిదేళ్ల పిల్లోడు మాత్రం చెప్పేసినాడు: "చెబితే వాన్ని కొడతారు."

తర్వాత నాయన మంచం మీద కూర్చొని చుక్కలు చూపించినాడు. పిల్లలకోడిని చూపించినాడు, ఒకటే చోట గుంపుగా వుండే చిన్నచుక్కలు. కార్తీకంలో అది నడినెత్తికి వస్తే సగం రాత్రి దాటినట్టు. గడియారం లేని కాపలా రాత్రుల్లో ఆయన గడియారం అదే. వేగుచుక్క పొడిస్తే తెల్లారినట్టే. జీతమున్నన్నాళ్లూ ఆ చుక్కల వైపు ఎప్పుడు పోతాయా అని చూసేవాడినని చెప్పినాడు. "ఈ రేత్రి మాత్రం నిదానంగా పోనీ" అన్నాడు. చిన్నాయన పేరు ఎవరూ ఎత్తలేదు. నాయన పడుకోబోయే ముందు ప్రతి మంచం కాడికీ పోయి తెర అంచులు చేత్తో తడిమి చూసినాడు. రెండుసార్లు చూసినాడు.

నాకు నిద్ర పట్టింది. ఆరుబయట, రాత్రంతా, తెల్లారేదాకా. ముప్పై దాటినాక మొదటిసారి.

ఆరుబయట సుఖం మాకు వద్దని నేను రాయడం లేదు. మాకూ కావాల. అయితే దానికి ముందు తిరిగి పోయేదానికి ఇల్లు వుండాల. పిలిస్తే వచ్చే బండి వుండాల. రాత్రి తలుపు కొడితే తెల్లారనీ అనని మనుషులుండాల. పడుకునే నేల మన పేరు మీద వుండాల. నీళ్లు మన చెంబుతో మనం ముంచుకోవాల. ఇవన్నీ వున్నవాడు వాటిని రెండు దినాలు పక్కన పెడితే దానికి విశ్రాంతి అని పేరు. ఇవేవీ లేకుండా మావాళ్లు తరతరాలు పడుకున్నారు. దానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

మళ్లీ ఎప్పుడు పెడతారని పిల్లలు అడుగుతూనే వున్నారు. బెంగళూరు షెడ్లలోంచి కూడా ఫోన్లు వస్తున్నాయి, మా పిల్లోన్నీ పిలవండన్నా అని. పదకొండు కాస్తా ఇరవై దాటేట్టున్నారు. మంచాలు చాలవని నాయన ఇప్పట్నుంచే పాత కోళ్లు వెతికి నులక అల్లుతున్నాడు. తమ్ముడు పక్కన కూర్చొని నులక అందిస్తున్నాడు.